నాలుగు కిలోమీటర్ల ఇసుకలంక లైను

జూన్ 2, సోమవారం

ఇవాళ పది గంటల పది నిమిషాల ప్యాసింజరు మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కారణం పెద్దమ్మ.

స్టేషన్ డైరీలో తిట్లు రాయకూడదని మా అన్నయ్య అనేవాడు. అసలు ఇసుకలంక స్టేషన్‌కి మాస్టరుగా చేసినవాడు కాబట్టి ఆయన మాటకి విలువుంది. కానీ ఆయనకి పెద్దమ్మతో పని పడలేదు.

పొద్దున్నే వాననీటి ట్యాంకుల మూతలన్నీ చూసి, ఏడో ట్యాంకులో చచ్చిపడున్న బల్లిని తీసి పారేసి, క్లోరిన్ కలిపి వచ్చాను. అదే నా ఉద్యోగం. మేడెక్కి కంట్రోలు బల్ల ముందు కూర్చున్నానో లేదో గోడమీది పెట్టె మోగింది. వరద తర్వాత మేం ఎక్కిన ఈ పదమూడో మెట్టలో గదికొక పెట్టె ఉంటుంది. అందులోంచి మాట్లాడే యంత్రానికి ప్రభుత్వం పెట్టిన పేరు బారెడుంది. మేమందరం పెద్దమ్మ అంటాం. ఏ మెట్టకి ఎన్ని బియ్యం వెళ్ళాలో, ఎవరికి ఏ మందు అందాలో, గాలిపడవ ఎప్పుడు ఎక్కడ దిగాలో అన్నీ ఆవిడే చూస్తుంది. పిలిస్తే పలుకుతుంది, చెబితే వినదు.

"గృహస్థులు దయచేసి గమనించగలరు. ఆస్తుల లెక్క తీసుకుంటున్నాము. ఈ గదిలో ఉన్నది ఏమిటి?" అంది, కెమెరా కన్ను అటూ ఇటూ తిప్పుతూ.

కింద వంటింట్లోంచి మా ఆవిడ మంగతాయారు, "బొమ్మ రైలని చెప్పెయ్యండి, వదిలేస్తది!" అని అరిచింది.

బొమ్మట! పద్నాలుగేళ్ళుగా కట్టుకొస్తున్నాను. పాత డబ్బారేకుల్ని కోసి పట్టాలు చేశాను. కొబ్బరిచిప్పలు అరగదీసి రైలు పెట్టెల కిటికీలకి ఊచలు పెట్టాను. అసలుకి సరిగ్గా ఎనభై ఏడో వంతు. పట్టాల కింద ఒక్క స్లీపరు దుంగ కూడా ఆ కొలత తప్పదు. దీన్ని బొమ్మ అన్నవాడితో నేను నెలరోజులు మాట్లాడను. అందుకే మా బావమరిది వీరభద్రంతో ఏడాదికి నాలుగైదు నెలలు మాటలుండవు.

"రైల్వే," అన్నాను.

"మార్గం పొడవు?"

ఈ పనిచేసేవాళ్ళెవరూ బల్లమీది పొడవు చెప్పరు, అసలు పొడవే చెబుతారు. నలభై ఆరు మీటర్ల పట్టా. ఎనభై ఏడుతో హెచ్చవేసి, "నాలుగు కిలోమీటర్లు," అన్నాను గర్వంగా.

"ప్రయాణికులు?"

"అరవై నలుగురు."

"ధన్యవాదాలు," అంది పెద్దమ్మ. పీడా వదిలిందనుకున్నాను.

జూన్ 8, ఆదివారం

ఆదివారం మా మేడమీద చోటుండదు. మెట్టమీద జనమంతా వాళ్ళవాళ్ళని చూసుకోవడానికి వస్తారు. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు. మొదట్లో ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంటే బాగోదని మా అన్నయ్యని వేపపుల్లతో చెక్కి, తెల్లకోటు వేసి, చేతిలో పచ్చజెండా పెట్టి నిలబెట్టాను. అది చూసి బంగారమ్మ పిన్ని, "మా ఆయన్ని కూడా పెట్టరా శేషగిరీ, గొడుగుంటాది ఆయనకి," అంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. పూలబుట్టతో ఒకావిడ, టీ బిందెతో ఒకాయన, చంకలో పిల్లతో మా అత్తగారు, అలా అరవై నలుగురు. బియ్యపుగింజకి మూడింతల పొడవుంటారు. వరద వచ్చినరోజు చివరి రైలు కోసం ఇసుకలంక స్టేషన్‌లో నిలబడినవాళ్ళు. ఆ రైలు రాలేదు. మా రైలు మాత్రం పద్నాలుగేళ్ళుగా రోజూ పదీ పదికి వస్తుంది.

రైలు వచ్చి ఆగినప్పుడు ఎవరూ మాట్లాడరు. తర్వాత మాత్రం మా ఆయన చొక్కా రంగు వెలిసిందనీ, మా అమ్మ కాస్త నీడలోకి జరగాలనీ ఒకటే గోల. ప్రయాణికుల ఫిర్యాదులు తీర్చలేక తల ప్రాణం తోకకొస్తుంది.

ఇవాళ గొడవ ఇంకోటి. జనమంతా ఉండగానే పెట్టె మోగింది. ఇసుకలంక స్టేషన్‌లో మరుగుదొడ్లు లేవనీ, మంచినీటి కుళాయి పెట్టించడానికి పదిహేను రోజులు గడువనీ చదివింది. జనం పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. నిజానికి అసలు స్టేషన్‌లో రెండు కుళాయిలుండేవి. నేనే మర్చిపోయాను. ఆ మాట ఎవరికీ చెప్పకుండా సాయంత్రం గుండుసూదులు వంచి రెండు కుళాయిలు పెట్టాను.

జూన్ 16, సోమవారం

గాలిపడవ రాలేదు.

పదిహేను రోజులకోసారి సోమవారం తొమ్మిదింటికి వస్తుంది. దాన్ని దింపించే రేవు కాపలా వీరభద్రానిదే. పొద్దున్నుంచీ తాళ్ళు సర్దుకుని ఆకాశంకేసి చూసి చూసి పదకొండింటికి మా ఇంటికొచ్చాడు. మాకు మాటలు లేని నెల ఇది. అయినా వచ్చాడంటే సంగతి పెద్దదే.

"బావా, ఏం చేశావ్ నువ్వు?" అన్నాడు.

"నేనేం చేశాను?"

"రేవు పెట్టెని అడిగితే ఏం చెప్పిందో తెల్సా? పదమూడో మెట్టకి రైలు లైనుందంట. రైలున్న ఊరికి గాలిపడవ ఎయ్యరంట, రూలంట. మన సామానంతా డిపోలో రైలు కోసం పెట్టేశారంట. ఇసుకలంక ప్యాసింజరంట!"

బియ్యం సంగతి సరే, మూడు నెలలకి ఉన్నాయి. మంగతాయారుకి పన్నెండో ఏటినుంచీ చక్కెర జబ్బు. రోజుకి రెండుపూటలా ఇన్సులిన్ సూది పడకపోతే మనిషి బతకదు. మెట్టమీద అలాంటివాళ్ళు పదకొండుమంది ఉన్నారు. ఆ సీసాలు గాలిపడవలోనే రావాలి. ఒక్కో సీసా పదిరోజులు.

వంటింట్లో నీళ్ళకుండలో మందు చల్లగా ఉంచుకుంటుంది. కుండ మూత తీసి చూశాను. రెండు సీసాలున్నాయి.

జూన్ 17, మంగళవారం

పొద్దున్న ఆరింటినుంచీ పెద్దమ్మతో వాదన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

"అమ్మా, అది అసలు రైలు కాదు. ఎనభై ఏడో వంతు."

"ఆస్తి పరిమాణాన్ని తగ్గించి చూపడం నేరమని దయచేసి గమనించగలరు."

"నాలుగు కిలోమీటర్లు కాదు, నలభై ఆరు మీటర్లే."

"మీరు జూన్ రెండున ఇచ్చిన వాంగ్మూలం నాలుగు కిలోమీటర్లు. సవరణ దరఖాస్తు పరిశీలనకు తొంభై రోజులు."

మంగతాయారు గుమ్మంలో నిలబడి నాకేసి చూస్తోంది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి నా నోటితో నేను, "అది బొమ్మ," అన్నాను.

"బొమ్మలకు టైంటేబుల్ ఉండదు. మీ సర్వీసు నేను గమనించిన పదిహేను రోజుల్లో ఒక్కసారే ఆలస్యమైంది, అదీ మూడు నిమిషాలు. రాష్ట్రంలో ఇంత క్రమబద్ధమైన రైల్వే మరొకటి లేదు. అభినందనలు."

"రాష్ట్రంలో రైల్వేలే లేవు కదమ్మా!"

"మీది ఉంది."

పెట్టెకి చెప్పు విసిరాను. తగల్లేదు.

జూన్ 21, శనివారం

లైను లేకపోతే గొడవే లేదు కదా అని పొద్దున్న వంతెన దగ్గర ఆరు అడుగుల పట్టా ఊడబీకాను. ఊడబీకుతుంటే నా చేతులు నాకే పరాయిగా అనిపించాయి. పది నిమిషాల్లో పెట్టె మోగింది. రైలు మార్గం ధ్వంసమైందట, విద్రోహ చర్యగా అనుమానమట, మరమ్మతు పూర్తయ్యేదాకా డిపోలో పార్సిళ్ళు కదలకుండా ఆపారట. రైలు తిరగని రోజులు 'ఆలస్యం' కింద రాస్తారట, రద్దు కింద కాదట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మధ్యాహ్నం కూర్చుని పట్టా మళ్ళీ వేశాను.

డిపోకి మనమే పోవచ్చు కదా అని బయటివాళ్ళకి అనిపిస్తుంది. మధ్యలో అరవై కిలోమీటర్ల నీళ్ళు. వానాకాలం మూడు నెలలూ ఆ సుడుల్లోకి పడవ దింపినవాడు తిరిగి రాలేదు. డిపోలో మనుషులున్నారు, కానీ వాళ్ళతో మాట్లాడాలన్నా పెద్దమ్మ ద్వారానే.

మంగతాయారు సూది మోతాదు తగ్గించింది. నాకు చెప్పలేదు. సీసాలో మందు చూసి నేనే కనిపెట్టాను. అడిగితే, "రెండ్రోజుల్నుంచీ ఆకలి తక్కువుందండి, అందుకని," అంది. అబద్ధం. రాత్రంతా నీళ్ళు తాగుతూనే ఉంది.

జూన్ 30, సోమవారం

ఈ విడత కూడా రాలేదు. పదకొండుమందీ తమ సీసాలు ఒకచోట పెట్టి పంచుకుంటున్నారు. వాళ్ళలో పరమేశం మాస్టారు నిన్న కళ్ళు తిరిగి పడిపోయాడు. మంగతాయారు మెట్లు ఎక్కలేకపోతోంది.

ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. దానికే నాకు ఒళ్ళు మండుతోంది. ఒక్కడైనా వచ్చి, "నీ రైల్వే తగలెయ్య, నీ గర్వం తగలెయ్య," అంటే నేనూ నాలుగు మాటలు అని, తర్వాత ఏడుద్దును. బంగారమ్మ పిన్ని ఇవాళ వచ్చి గొడుగాయన్ని కాసేపు చూసుకుని, నాకు చారు ఇచ్చి వెళ్ళింది.

సాయంత్రం వీరభద్రం మేడెక్కి, రైలుకేసి చాలాసేపు చూశాడు.

"బావా, ఆరో మెట్టమీద కొండచరియ ఇరిగిపడ్డప్పుడు గాలిపడవ ఎంతసేపట్లో వచ్చింది?"

"నాలుగు గంటల్లో."

"డాక్టర్లతో, మందుల పెట్టెల్తో వచ్చింది. యాభైమంది పోతే రూళ్ళు గీళ్ళు ఉండవు, పరిగెత్తుకొత్తది పెద్దమ్మ."

"అయితే?"

"రైలు ప్రమాదం అయితే రాదేంటి?"

వాడికేసి చూశాను. వాడు నాకేసి చూడలేదు, ప్లాట్‌ఫారంకేసి చూస్తున్నాడు. వాళ్ళమ్మ అక్కడే ఉంది, చంకలో పిల్లతో.

"దిగిపో కిందకి," అన్నాను.

జూలై 6, ఆదివారం

కుండలో పావు సీసా ఉంది. పొద్దున్న మంగతాయారు నోట్లోంచి మగ్గిన పళ్ళ వాసన వచ్చింది. మందు చాలక ప్రాణంమీదికొచ్చినప్పుడు వచ్చే వాసన అదని ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు బాగా తెలుసు.

ఇవాళ ఏడింటికే రమ్మన్నాను, జనం వచ్చారు. రైలు వేళకి ముందే, ఉన్నదున్నట్టు చెప్పాను. వీరభద్రం రేవు పెట్టెని అడిగి తెలుసుకున్న రూలు కూడా చెప్పాను. చనిపోయినవాళ్ళు యాభైకి తగ్గకూడదు, ప్రతి ఒక్కరికీ పేరుండాలి, కెమెరాకి కనబడాలి. అంటే పట్టాలమీద రైలు పడాలి, ప్లాట్‌ఫారం మీద మనవాళ్ళు పడాలి. వాళ్ళని జిగురుతో అతికించాను కాబట్టి కాళ్ళ దగ్గర బ్లేడుతో కోయాలి. నా ఒక్కడి నిర్ణయం కాదు, ఎవరివాళ్ళని వాళ్ళే చెప్పాలి అన్నాను.

బంగారమ్మ పిన్ని లేచింది.

"అంటే ఆయన్ని రెండోసారి సంపమంటావేంట్రా? ఒకసారి పోయాడని కాయితం కూడా ఇవ్వలేదు నాకు. పంతొమ్మిదేళ్ళయ్యింది. ఇప్పటికీ పెద్దమ్మ రాతల్లో 'ఆచూకీ తెలియదు' అనే ఉంది. పుస్తెలు తియ్యాలో ఉంచాలో తెలీకుండా బతికాను. ఇక్కడికొచ్చి చూసుకుంటే, ఆ, నిలబడే ఉన్నాడు కదా అనుకుంటన్నా. నువ్వు బ్లేడెట్టుకొచ్చావ్!"

ఆవిడ చెప్పింది నిజం. అందరిదీ అంతే. నీళ్ళు తీసుకుపోయినవాళ్ళ శవాలు దొరకలేదు, దొరకనివాళ్ళని చనిపోయినట్టు రాయరు. మేమెవ్వరం ఎవ్వరికీ దినాలు చెయ్యలేదు.

"పిన్నీ," అంది మంగతాయారు. తమ్ముడి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. మనిషి ఆయాసపడుతోంది. "వాళ్ళు పోయార్లే పిన్నీ. మనం చూశాం కదా. మెట్టమీంచి చూశాం."

నా చేతిలోంచి బ్లేడు లాక్కుంది. వీరభద్రం అక్క మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వాళ్ళమ్మని కోశారు. చంకలో ఉన్న పిల్ల వాళ్ళ చెల్లెలు. ఆ పిల్లని తల్లినుంచి వేరుచెయ్యలేదు. ఇద్దర్నీ అలాగే పక్కకి పడుకోబెట్టారు.

తర్వాత అందరూ వరసలో నిలబడ్డారు. తోపులాట లేదు. ఒక్కొక్కరూ వచ్చి, తమవాళ్ళని కోసి, పడుకోబెట్టి, పక్కకి తప్పుకున్నారు. కొందరు తల దక్షిణానికి ఉండేలా సర్దారు. ఒకాయన జేబురుమాలు అంచు చింపి కప్పాడు. బంగారమ్మ పిన్ని చిట్టచివర వచ్చింది. గొడుగు విరక్కుండా కొయ్యమని నాకే ఇచ్చింది బ్లేడు. కోశాను.

మా అన్నయ్య ఒక్కడే మిగిలాడు. యాభై ఎప్పుడో దాటింది, ఆయన్ని వదిలెయ్యవచ్చు. "నువ్వు పైకి పో, నేను బండి పంపించి వస్తా," అన్నాడు ఆరోజు. రాని బండి కోసం నిలబడిపోయాడని పంతొమ్మిదేళ్ళుగా ఆయనమీద నాకు కోపం. స్టేషన్ నిండా జనం ఉండగా మాస్టరు ఎలా పోతాడని ఇవాళే తోచింది. జెండాతో సహా పడుకోబెట్టాను.

పదీ పదికి ప్యాసింజరు వచ్చింది. వంతెన మలుపులో నా చేత్తో నేనే పట్టా తప్పించాను. ఏడు పెట్టెలూ ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. కొబ్బరిచిప్ప ఊచలు విరిగిన చప్పుడు గదంతా వినబడింది.

పెట్టె వెంటనే మోగింది. "ఇసుకలంకలో ప్రమాదం గుర్తించాము. చనిపోయినవారు ఎందరు?"

"అరవై నలుగురు."

"పేర్లు చెప్పగలరు."

ఎవరివాళ్ళ పేర్లు వాళ్ళు చెప్పారు, ఇంటిపేర్లతో సహా. "ఎలా చనిపోయారు?" అని పెద్దమ్మ అడగలేదు. అడిగితే రైలు కోసం నిలబడి చనిపోయారని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధమేముంది?

రెండున్నరకి గాలిపడవ దిగింది. నలభై స్ట్రెచర్లు, ఇద్దరు డాక్టర్లు, మందుల పెట్టెలు. వీరభద్రం తాళ్ళు కడుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్ద డాక్టరు రెహానా అనే ఆవిడ వానకోటు తియ్యకుండానే మేడెక్కి, బల్లకేసి చూసి, నాకేసి తిరిగి, "ఎక్కడండీ క్షతగాత్రులు? వేళాకోళంగా ఉందా మీకు?" అని గద్దించింది.

నేను తిట్లకి సిద్ధంగానే ఉన్నాను. ఇంతలో గదిమూల మంచంమీద పడుకోబెట్టిన మంగతాయారుని చూసింది. వాసన ఆవిడకీ తెలిసింది. వెంటనే సంచీ తెరిచింది. సెలైను పెట్టి, ఇన్సులిన్ ఎక్కించి, పరమేశం మాస్టార్నీ మిగతావాళ్ళనీ చూసి, రెండుగంటల తర్వాత కాగితం పట్టుకుని మళ్ళీ పైకి వచ్చింది.

"ప్రమాదం నిజమేనని నేను సంతకం పెట్టాలి," అంది. "వీళ్ళు ఎప్పుడు చనిపోయారు?"

"పంతొమ్మిదేళ్ళండి," అంది బంగారమ్మ పిన్ని.

డాక్టరు వంగి, ఒక్కొక్కర్నీ చూసింది. అరవై నాలుగూ లెక్కపెట్టింది. సంతకం పెట్టింది.

జూలై 7, సోమవారం

మంగతాయారు పొద్దున్న లేచి కాఫీలో నీళ్ళు ఎందుకు ఎక్కువ పోశారని నన్ను తిట్టింది. బాగుందన్నమాట.

ఎనిమిదింటికి మెట్టమీద పెట్టెలన్నీ ఒక్కసారి మోగాయి. ఇసుకలంక లైను శాశ్వతంగా మూసేశారు. ప్రమాదానికి బాధ్యుడైన శేషగిరి అనేవాడు జీవితాంతం రైల్వే నడపకూడదు. గాలిపడవ ఎప్పట్లాగే వస్తుంది. ఇంతవరకూ అందరూ పనులు చేసుకుంటూనే విన్నారు.

తర్వాత పెద్దమ్మ, "ఇసుకలంకలో మరణించినవారి పేర్లు," అని చదవడం మొదలుపెట్టింది.

ఆవిడ గొంతులో ఏ భావమూ ఉండదు. బియ్యం లెక్క ఎలా చదువుతుందో పేర్లూ అలాగే చదివింది. వీధిలో ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. చీపురు పట్టుకున్నవాళ్ళు చీపురుతోనే నిలబడ్డారు. అరవై నాలుగు పేర్లు. ఒక్కొక్క పేరు దగ్గరా ఎక్కడో ఒక ఇంట్లోంచి ఏడుపు లేచింది. మా అన్నయ్య పేరు చివర వచ్చింది, "స్టేషన్ మాస్టరు" అని కలిపి చదివింది. నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

చావు కబురు వింటే తలస్నానం చెయ్యాలి కదా. ముందు బంగారమ్మ పిన్ని ఖాళీ బిందెతో వచ్చి ఏడో ట్యాంకు దగ్గర నిలబడింది. వెనకే వీరభద్రం, వాడి వెనక వీధంతా. మనిషికి రోజుకి మూడు చెంబులు, అంతకుమించి ఎవరికీ ఒక్క చుక్క వదలనని నేను పదేళ్ళుగా జనంతో పోట్లాడి పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఎవరూ నన్ను అడగలేదు. ఊరికే నిలబడ్డారు.

వాల్వు పూర్తిగా తిప్పేశాను. పిల్లా పెద్దా అందరూ బట్టలతోనే తలమీంచి పోసుకున్నారు. పిన్ని మెడలోవి తీసి గుప్పిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎంతసేపో ధార కింద నిలబడింది. మంగతాయారుని కుర్చీలో కూర్చోబెట్టి నేను పోశాను. తర్వాత నేనూ పోసుకున్నాను.

నీళ్ళ లెక్క చెప్పమని మధ్యాహ్నంనుంచీ పెట్టె మోగుతూనే ఉంది. మోగనీ.